దిగుడుబావి తాళంచెవి

తలుపు తెరుచుకోలేదు. సుహాసిని కంట్రోలర్ మీద బొత్తాం మళ్ళీ నొక్కింది. తెర మీద తలపాగా చుట్టుకున్న బొమ్మ మనిషి చెయ్యి చాపి తాళంకప్పను తడిమాడు. తల అడ్డంగా ఊపాడు. తాళంచెవి లేకుండా ఆ తలుపు దగ్గరకొస్తే వాడు అలా తల ఊపాలని, ఆటకు పటాలు గీసే వినయ్ ఏడాది కిందట రాసుకున్నాడు. ఆ మధ్యాహ్నం బొమ్మ మనిషి తల ఊపడం అది పదిహేనోసారి.

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో, రెండో అంతస్తులో, మూడు గదుల ఇంటిని ఆఫీసు చేసుకున్న చిన్న కంపెనీ అది. ఏడుగురు మనుషులు నాలుగేళ్ళుగా ఒకే ఒక్క వీడియో గేమ్ తయారుచేస్తున్నారు. దాన్ని విడుదల చేయబోయే బెంగళూరు సంస్థ తరఫున సుహాసిని సోమవారం పొద్దున్నే వచ్చింది. ఆట ఎంతవరకు వచ్చిందో తన చేతులతో ఆడి చూసి, సాయంత్రం తిరిగి వెళ్లిపోవాలి.

ఆటలో ఆరు నేలమాళిగలున్నాయి. ఒక్కోదానిలో దారి వెతుక్కుంటూ, చిన్న తలుపులను చిన్న తాళంచెవులతో తీసుకుంటూ పోతే, అన్నిటికన్నా లోపల ఒక పెద్ద గది వస్తుంది. ఆ నేలమాళిగను ఏలే రాక్షసుడు అందులో ఉంటాడు. ఆఫీసులో అందరూ ఆ గదిని బాస్ రూమ్ అనీ, దాని తాళంచెవిని బాస్ కీ అనీ అంటారు. చిన్న తాళంచెవులు చాలా ఉంటాయి, వాడగానే మాయమైపోతాయి. బాస్ కీ మాత్రం ఒక్కటే. ఐదో నేలమాళిగ ఒక దిగుడుబావి. మూడు అంతస్తులు దిగి, నీళ్లు తోడే చక్రం తిప్పి, బావి అడుగు తేలాక అక్కడున్న ఇనుప పెట్టె తెరిస్తే ఇత్తడి తాళంచెవి దొరుకుతుంది. దానికి మూడు పళ్ళు, బావికి ఎన్ని అంతస్తులో అన్ని. అది తీయగానే నీళ్లు మళ్ళీ ఊరడం మొదలవుతుంది. మునిగేలోపు పైకెక్కాలి.

"పెట్టె తెరిచాను, తాళంచెవి తీసుకున్నాను. మీరంతా చూశారు," అంది సుహాసిని. "తర్వాత నీళ్లలో మునిగిపోయాను. మళ్ళీ లేచేసరికి తాళంచెవి నా దగ్గర లేదు. పెట్టె దగ్గరికి వెళ్తే అది తెరిచే ఉంది, లోపల ఏమీ లేదు. ఇక ఎక్కడ వెతకాలి?"

ప్రోగ్రాములు రాసే ఫణికిరణ్ తన మోకాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. కంపెనీ పెట్టిన రాజీవ్ చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. వినయ్ మాత్రం తెరకు దగ్గరగా వంగి, ఖాళీ పెట్టెనే చూస్తున్నాడు.

"ఇంట్లో ఆడుకునేవాళ్ళకి ఇలా అయితే ఏం చేయాలి?" అని అడిగింది సుహాసిని.

"ఆట మొదటినుంచి మొదలుపెట్టాలండి," అన్నాడు వినయ్.

"ఇక్కడిదాకా రావడానికి ఎంతసేపు పడుతుంది?"

"పదకొండు గంటలు."

సుహాసిని కంట్రోలర్‌ను మెల్లగా బల్ల మీద పెట్టింది. నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాసుకుని మూసింది. కోప్పడలేదు. కాఫీ బాగుందని చెప్పి నాలుగు గంటలకు వెళ్లిపోయింది.

సంయుక్త గోడ పక్కన నిలబడి ఇదంతా చూసింది. ఆ ఆఫీసులో ఆట ఆడి తప్పులు పట్టే పని ఆమెది. ముప్పై ఆరేళ్ళ వయసు, ఎనిమిదో తరగతి చదివే కూతురు, ఇంటి నుంచి పది నిమిషాల నడక. పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఒకే మెట్టు మీంచి వందసార్లు దూకుతుంది, ఒకే గోడను నాలుగు వైపులనుంచీ గుద్దుకుంటుంది. ఏది సరిగా లేకపోతే అది పట్టికలో రాస్తుంది. దిగుడుబావికి ఆమె దగ్గర అరవై వరుసల పట్టిక ఉంది. వరుసకో పరీక్ష. ఆట కొంచెం మారినా అరవైయ్యీ మళ్ళీ ఆడాలి, బాగుంటే టిక్ పెట్టాలి.

నలభై ఒకటో వరుసలో ఏముందో ఆమెకు పట్టిక తెరవకుండానే తెలుసు. 'బాస్ కీ తీసుకున్న వెంటనే నీళ్లలో మునిగితే?' శనివారం సాయంత్రం ఆ వరుస దగ్గరికి వచ్చేసరికి ఆరు దాటింది. చక్రం తిప్పి, నీళ్లు దిగేదాకా ఆగి, అడుగుకు పోయి, తాళంచెవి తీసి, మునిగి చూడాలంటే పన్నెండు నిమిషాలు. అంతకుముందు తొమ్మిదిసార్లు చేసింది. తొమ్మిదిసార్లూ తాళంచెవి మనిషి దగ్గరే ఉంది. ఈసారి ఆడకుండానే ఆమె టిక్ పెట్టి నలభై రెండుకు పోయింది.

అందరినీ ముందు గదిలోకి పిలిచి రాజీవ్ కూర్చోకుండానే మాట్లాడాడు.

"నాలుగేండ్లు చేసినం. ఆమె ముందు నలభై నిమిషాలు ఒక తలుపు తీయలేకపోయినం. వినయ్, ఆ బావి గీసింది నువ్వే కద."

"నేనేనండి."

"రేపటి నుంచి రాకు."

వినయ్‌కి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "ఎక్కడ పోయిందో చూస్తానండి. ఒక్క రోజివ్వండి. ఒక్కసారి బాస్ కీ చేతికొచ్చాక అది పోకూడదని మొదటి పేజీలోనే రాశాను. పోతోందంటే నేనే ఎక్కడో..."

"చూసేదేం లేదు. బెంగళూరు వాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలె."

వినయ్ తన బల్ల దగ్గరికి వెళ్లాడు. నేలమాళిగలన్నీ అతను ముందు గళ్ళ కాగితాల మీద పెన్సిలుతో గీస్తాడు. ఆరు నోటుపుస్తకాలున్నాయి. వాటిని సంచిలో పెట్టుకోబోతుంటే, "అవి ఇక్కడనే ఉండనీ," అన్నాడు రాజీవ్. వినయ్ ఆరింటినీ బల్ల అంచుకు సమంగా సర్ది, టిఫిన్ డబ్బా, గొడుగు తీసుకున్నాడు.

సంయుక్త అతని వెనకే మెట్లదాకా వెళ్లింది. అతను మొదటి మలుపులో ఆగి పైకి చూశాడు.

"అక్కా, నలభై ఒకటి మీరు ఆడారు కదా. శనివారం. అప్పుడు తాళంచెవి ఉందా?"

ఆమె రెయిలింగ్ పట్టుకుంది. "ఉండె," అంది.

అతను తల ఊపాడు. "అయితే నేనే," అని దిగి వెళ్లిపోయాడు.

*

మంగళవారం పొద్దున ఆఫీసు తాళం తీసింది సంయుక్తే. వినయ్ కుర్చీ బల్ల కిందకు తోసి ఉంది. నోటుపుస్తకాలు అక్కడ లేవు, రాజీవ్ గదిలోకి వెళ్ళాయి. ఆమె కంట్రోలర్ అందుకుని దిగుడుబావి మొదటి మెట్టు దగ్గర నిలబడింది.

చక్రం తిప్పింది. నీళ్లు దిగుతుంటే ఒక్కో అంతస్తూ నాచుపట్టిన రాళ్ళతో బయటపడింది. ఆ రాళ్ళలో కొన్నింటి మీద శంఖం గుర్తులున్నాయి. చీకట్లో దారి తప్పినవాళ్ళకు తోవ చూపడానికి వినయ్ పెట్టాడు వాటిని. సగం మంది వాటిని చూడనే చూడరని ఫణికిరణ్ అంటే, సగం మంది చూస్తారు కదా అన్నాడు. పెట్టె తెరిచింది. తాళంచెవి తీసింది. కదలకుండా నిలబడి నీళ్లు తలమీదకు వచ్చేదాకా ఆగింది. తెర నల్లబడి మళ్ళీ వెలిగింది. మనిషి మెట్ల మీద ఉన్నాడు. సంచి తెరిచి చూసింది. తాళంచెవి లేదు.

మళ్ళీ ఆడింది. తాళంచెవి తీసుకుని మునగకుండా పైకెక్కితే ఏమీ కాలేదు. తీసుకుని రెండు నిమిషాలు ఈది, ఆ తర్వాత మునిగినా ఏమీ కాలేదు. నిమిషం లోపల మునిగితేనే పోతోంది. నాలుగుసార్లు చేసి, నాలుగుసార్లూ టైము కాగితం మీద వేసుకుంది.

ఆటలో ఎవరు ఏం మార్చినా ఆ మార్పు పేరుతో, రోజుతో రాసి ఉండే చిట్టా ఒకటుంది. ఆమె గురువారం దగ్గర ఆగింది. సాయంత్రం ఏడింటికి ఒక కొత్త నియమం చేరింది. మునిగినవాడు అంతకుముందు నిమిషంలో సంపాదించినదంతా పోగొట్టుకోవాలి. పక్కన కారణం కూడా ఉంది. 'నీళ్లంటే భయం ఉండాలి.' మార్చినవారు రాజీవ్.

నియమంలో తప్పు లేదు. కాసులు పోతే పోతాయి, మళ్ళీ దొరుకుతాయి. బాస్ కీని ఒక్కదాన్నీ మినహాయించాల్సింది, మరచిపోయాడు. అలాంటి మరపును పట్టుకోవడానికే నలభై ఒకటో వరుస. అక్కడ ఆమె టిక్ ఉంది, పక్కన ఆమె పేరు ఉంది.

మధ్యాహ్నం డబ్బా తెరిచి, ముద్ద కలిపి, తినలేక మూసింది. ఫణికిరణ్ మంచినీళ్ళ కోసం వచ్చి ఆమె తెర వైపు చూశాడు. చిట్టా తెరిచే ఉంది.

"నువ్వు చూసినవా ఇది?" అని అడిగింది.

"నిన్ననే చూసిన అక్క," అన్నాడతను గొంతు తగ్గించి. సీసా నిండేదాకా కుళాయి వైపే చూసి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆమె ఇంటికి పోకుండా నారాయణగూడ వెళ్లింది. ఆమె భర్త జగన్మోహన్ అక్కడ చౌరస్తా దగ్గర కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తాడు. అతను ఒక అద్దం అంచును సాన రాతికి ఆనించి తిప్పుతున్నాడు. ఆమె ఎదుటి స్టూలు మీద కూర్చుని సోమవారం నుంచి జరిగినదంతా చెప్పింది. మెట్ల మీద తానన్న 'ఉండె' అనే మాట కూడా దాచలేదు.

అతను అద్దం దీపానికి ఎత్తి చూసి మళ్ళీ రాతికి ఆనించాడు. "నువ్వు చెప్పకుంటే ఎవరికన్న తెలుస్తదా?"

"ఫణికి తెలుసు. రాజీవ్ గారికి తెలుసో లేదో."

"ఆ పిల్లగానికి ఇరవై ఆరేండ్లు. ఇయ్యాల పోతే రేపు ఇంకోతాన దొరుకుతది. నీకు దొరుకుతదా చెప్పు. పదేండ్లు ఇంట్ల ఉన్నవ్. వీళ్ళు తప్ప ఎవరు పిలిచిండ్రు నిన్ను?"

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. అతను అద్దాన్ని ఫ్రేములో పెట్టి నొక్కాడు, అది చిన్న చప్పుడుతో కూర్చుంది. మెత్తటి గుడ్డతో తుడుస్తూ, "నేను వద్దంట లేను," అన్నాడు కొంచెంసేపయ్యాక. "పోయేది ఏందో తెలుసుకొని చెయ్యి."

*

బుధవారం రాజీవ్ పదింటికి వచ్చాడు. సంయుక్త అతని గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. వినయ్ నోటుపుస్తకాలు అతని బల్ల మీదే ఉన్నాయి. ఆరోది తెరిచి ఉంది. అందులో ఆరో నేలమాళిగ సగమే గీసి ఉంది.

"కూర్చోండి సంయుక్త గారు."

ఆమె నిలబడే చెప్పింది. "శనివారం నలభై ఒకటో వరుస నేను ఆడలేదు. ఆడకుండనే టిక్ పెట్టిన. ఆడి ఉంటే దొరికేది. ఆదివారం సరిచేసుకునేవాళ్ళం. తప్పు నాది. వినయ్‌ది గాదు."

రాజీవ్ పెన్ను మూత పెట్టాడు. ఆమె అనుకున్నట్టు ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు," అన్నాడు. "సోమవారం ఆమె ఇంక ఇక్కడ ఉండంగనే అర్థమైంది. గురువారం నేను పెట్టిన రూల్ అది. ఆమె మునిగినప్పుడే బాస్ కీని అందులకెళ్ళి తీయలేదని యాదికొచ్చింది."

"మరి వినయ్‌ని..."

"ఏం చెప్పమంటరు నన్ను? కంపెనీ నడిపే మనిషే ఆఖరి నిమిషంల చెయ్యి పెట్టి ఖరాబ్ చేసిండని చెప్పాల్నా? రేపటి నుంచి వాళ్ళు ఎవర్ని నమ్ముతరు? టెస్టింగ్ సరిగ్గ జరగలేదంటే ఆటంతా మళ్ళ చూడమంటరు. గీసినోడు తప్పు గీసిండు, వాణ్ణి తీసేసినం అంటే ఒక్క బావితోటి అయిపోతది. మెయిల్ పెట్టిన. వాళ్ళు సరే అన్నరు." అతను కుర్చీలో వెనక్కి వాలాడు. ముఖం వడలిపోయి ఉంది. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. "ఈ ఆట కోసం నేను ఏమేం వదులుకున్ననో మీకు తెలుసు."

ఆమెకు తెలుసు. అతను రోజూ ఆ గదిలోనే చాప వేసుకుని పడుకున్న నెలలు ఉన్నాయి.

"మీ పేరు నేను ఎక్కడ తీయలేదు," అన్నాడు. "తీయ కూడ తీయను. మీ లెక్క ఓపికతోటి ఆడేటోళ్ళు నాకు దొరకరు. ఆ రూల్ నిన్ననే సరిచేసిన. ఇంక ఈ బాస్ కీ సంగతి మీరు పట్టికల ఎక్కించకండి. పట్టిక సుహాసిని గారు కూడ చూస్తరు కదా, ఎక్కించిందల్ల ఆమెకు మెయిల్ పోతది."

సంయుక్త బయటికొచ్చి తన కుర్చీలో కూర్చుంది. చెప్పేస్తే బరువు దిగుతుందని రాత్రంతా అనుకుంది. ఇప్పుడు తన తప్పుతో పాటు ఇంకొకరి తప్పు కూడా దాచే పని మీద పడింది. దాన్ని అతను దయలాగా ఇచ్చాడు. 'తీయ కూడ తీయను' అన్నప్పుడు తన లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే ఆమెకు ఒళ్ళు మండింది.

*

గురువారం ఆమె మధ్యాహ్నం అనుమతి తీసుకుని అశోక్‌నగర్ నడిచింది. అక్కడ సందుసందునా ఉద్యోగ పరీక్షల కోచింగ్ బోర్డులే. జిరాక్స్ దుకాణాల ముందు పిల్లలు కట్టలు కట్టలుగా నోట్సు పట్టుకుని వరుసలో ఉన్నారు. వినయ్ ఉండే హాస్టలు ఒక మూడంతస్తుల ఇల్లు. కింద వంటగది ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న మనిషిని అడిగింది. ఆ హాస్టల్లో వంట చేసే సమ్మక్క ఆవిడ.

"ఆంధ్ర పిల్లగాడా, బొమ్మలు గీస్తడు గా పిల్లగాడా? పైన ఉన్నడు. నువ్వేమైతవ్ అతనికి?"

"ఒక్కతాన పని చేస్తం."

"జర చెప్పు తల్లీ. మూడు దినాల సంది సరిగ్గ తింటలేడు." ఆవిడ మెట్ల వైపు తల తిప్పి కేకేసింది.

వినయ్ చేతిలో కాగితాల కట్టతోనే దిగి వచ్చాడు. ఆమెను చూసి నవ్వబోయాడు. ఇద్దరూ వంటగది పక్కన సిమెంటు అరుగు మీద కూర్చున్నారు. కాగితాలన్నీ పాత మోడల్ పరీక్ష పత్రాలు, రూమ్మేటువి. వాటి వెనక తెల్లటి వైపున దిగుడుబావి గీసి ఉంది. మొదటి అంతస్తు, రెండో అంతస్తు, చక్రం, పెట్టె, నీటి మట్టాలు. పుస్తకాలు లేకుండా జ్ఞాపకం మీద గీశాడు. గళ్ళు కూడా స్కేలు పెట్టి గీసుకున్నాడు.

"పదకొండుసార్లు వేశానక్కా," అన్నాడు. "ఎటునుంచి వచ్చినా తాళంచెవి పోయే దారి కనపడట్లేదు. అంటే నాకు కనపడని దారేదో ఉంది. అదేంటో తెలిస్తే చాలు, ఉద్యోగం సంగతి తర్వాత. చిన్న తాళంచెవులు పోయినా ఫర్వాలేదండి, ఇంకోటి వెతుక్కుంటాడు. బాస్ కీ అంటే అంత దూరం వచ్చినవాడికి మనమిచ్చే మాట కదా. ఇక తలుపు తెరుచుకుంటుంది అని. ఆ మాట నేనే తప్పానంటే..." అతను ఆగి కాగితాలు సర్దుకున్నాడు. "మా నాన్నగారు నేనిక్కడ గ్రూప్స్‌కి చదువుతున్నాననుకుంటున్నారు. ఆట బయటికొచ్చి, చివర్లో నా పేరు పడ్డాక చూపించి చెబుదామనుకున్నాను. ఇప్పుడు నిజంగానే చదవాలేమో."

సంయుక్త అతని చేతిలోంచి పై కాగితం తీసుకుంది. పెట్టె ఉన్న చోట పెన్సిలు పదేపదే నడిచి కాగితం చిరిగింది.

"నీ పటంల తప్పు లేదు," అంది. "పోయిన గురువారం సాయంత్రం రాజీవ్ గారు ఒక రూల్ పెట్టిండు. మునిగితే నిమిషం లోపల దొరికింది పోవాలె అని. బాస్ కీని అందులకెళ్ళి తీయలేదు. అది తీసేస్తే నువ్వు గీసింది గీసినట్టు నడుస్తది. నేను చూసిన."

అతను ఆమె ముఖం వైపు చూస్తున్నాడు.

"శనివారం నేను నలభై ఒకటి ఆడలేదు. టిక్ పెట్టిన. మెట్ల మీద నువ్వు అడిగితే ఉండె అని అబద్ధం చెప్పిన."

సమ్మక్క గిన్నెలో చింతపండు పిసికే చప్పుడు వినిపిస్తోంది. వినయ్ ముఖం ముందు తేటబడింది. పటంలో తప్పు లేదన్న మాట దగ్గరే అతను ఇంకా ఉన్నాడు. తర్వాత మిగతా మాటలు ఒక్కొక్కటే అందినట్టున్నాయి.

"సోమవారం చెప్పి ఉంటే," అన్నాడు, "ఇవన్నీ వేసేవాణ్ణి కాదు."

"అవును."

"మూడు రోజులు. నిద్రలో కూడా ఆ మెట్లే ఎక్కాను. నా బుర్ర పనికిరాదనుకున్నాను." గొంతు పెంచలేదు. "ఇప్పుడు నాకెందుకు చెబుతున్నారు? మీకు తేలికవ్వాలనా?"

అది కూడా నిజమే కావచ్చుననిపించింది ఆమెకు.

"వెళ్లండక్కా," అన్నాడు. ఆమె చేతిలో కాగితం తీసుకుని, కట్టలో పెట్టి, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

*

శుక్రవారం పొద్దున సంయుక్త కూతురికి జడ వేసి బడికి పంపింది. చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్న జగన్మోహన్‌తో, "ఇయ్యాల రాస్త," అంది. అతను ఒక బొత్తాం దగ్గర ఆగాడు. "సరే," అన్నాడు. ఆమె డబ్బా మూత బిగించి ఆమె చేతికి తనే ఇచ్చాడు.

ఆఫీసులో ఆమె ఎప్పటిలా పట్టిక తెరిచింది. ఇన్నేళ్ళలో వందల లోపాలు రాసింది. గోడలో కాలు దిగిపోతోంది, గబ్బిలం గాలిలో ఆగిపోతోంది, తెలుగు అక్షరం కింద వత్తు కనిపించడం లేదు. ఎలా రాయాలో చేతులకు తెలుసు. అలాగే రాసింది.

'లోపం: ఐదో నేలమాళిగలో బాస్ కీ తీసుకున్న నిమిషం లోపల నీళ్లలో మునిగితే తాళంచెవి పోతుంది. తిరిగి దొరికే దారి లేదు. కారణం: గత గురువారం సాయంత్రం చేర్చిన కొత్త నియమం. చేర్చినవారు రాజీవ్. పరీక్షలో ఎందుకు దొరకలేదు: శనివారం నలభై ఒకటో వరుస ఆడకుండా టిక్ పెట్టాను. పెట్టినవారు సంయుక్త. నేలమాళిగ పటంలో లోపం లేదు. పటం గీసినవారు వినయ్. ప్రస్తుత స్థితి: మంగళవారం సరిచేశారు. ఈ రోజు మళ్ళీ ఆడాను, ఆరుసార్లు. తాళంచెవి ఉంది.'

చివరి రెండు వాక్యాలు నిజం కావాలని, రాసేముందు ఆరుసార్లూ ఆడింది. డెబ్బై రెండు నిమిషాలు పట్టింది. తర్వాత ఒకసారి చదువుకుని, పేర్లలో అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూసి, పంపించే బొత్తాం నొక్కింది. ఆ వెంటనే తర్వాతి వరుస పని మొదలుపెట్టింది.

పదిహేను నిమిషాలకు రాజీవ్ తన గదిలోంచి వచ్చాడు. ఫణికిరణ్ కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"ఎక్కించొద్దన్న కద."

"లోపం దొరికితే రాయాలె రాజీవ్ గారు. నన్ను పెట్టుకున్నది అందుకే."

"సరిచేసిన లోపం అది."

"తాళంచెవి దొరికింది. వినయ్ మీద పడ్డ నింద అట్లనే ఉన్నది."

అతను ఏదో అనబోయి గది వైపు చూశాడు. అందరూ తమ తమ తెరల వైపు తిరిగి ఉన్నారు గానీ ఎవరూ పని చేయడం లేదు. "మీరు ఇంటికి పోండి," అన్నాడు చివరికి, అలసిపోయిన గొంతుతో. "సోమవారం నుంచి రాకండి."

ఆమె కంట్రోలర్ తీగ చుట్టి డ్రాయరులో పెట్టింది. మగ్గు కడిగి బోర్లించింది. ఫణికిరణ్ లేచి వచ్చి ఆమె సంచి మెట్లదాకా మోశాడు. "నేను చెప్పాల్సి ఉండె అక్క," అన్నాడు. ఆమె అతని భుజం తట్టి దిగింది. బయట మధ్యాహ్నపు ఎండలో మార్కెట్ సగం ఖాళీగా ఉంది. ఆ వేళకు ఆమె ఆ సందులో నడిచి చాలా రోజులైంది.

శని, ఆదివారాలు ఆమె ఇంట్లో డబ్బాలన్నీ దించి కడిగింది. జగన్మోహన్ ఆ ఊసెత్తలేదు. ఆదివారం సాయంత్రం మాత్రం, తమ దుకాణంలో బిల్లులు రాసే అమ్మాయి మానేస్తోందని, అడిగి చూడనా అని మెల్లగా అన్నాడు. ఆమె చూద్దామంది.

సోమవారం తొమ్మిదింటికి కింద గేటు చప్పుడైంది. బాల్కనీలోంచి చూస్తే వినయ్. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. ఆమె కిందికి దిగింది.

"పైకి రా."

"వద్దండి, టైమైంది." అతను ఆమె వైపు నేరుగా చూడలేదు. "మొన్న సాయంత్రం రాజీవ్ గారు హాస్టలుకి వచ్చారు. సుహాసిని గారు మెయిల్ పెట్టారట. పటంలో తప్పు లేనప్పుడు ఆరో నేలమాళిగ ఆ గీసినతనే పూర్తి చేయాలి అని. ఆయన నోటుపుస్తకాలు తెచ్చి ఇచ్చారు. తప్పు నాది కాదని కాగితం మీద రాసివ్వమన్నాను. రాసిచ్చారు."

"మంచిగైంది," అంది ఆమె. నిజంగానే అంది.

"ఇంకోటి కూడా అడిగాను. మిమ్మల్ని రమ్మనమని. లేకపోతే రానన్నాను. సరేనన్నారు."

"ఎందుకు?"

"మీ మీద అభిమానంతో కాదక్కా. కొత్తవాళ్ళెవరో వస్తారు, టిక్కులు పెడతారు. అవి నిజమో కాదో నాకు తెలీదు. మీరు మీ తప్పు పేరు పెట్టి రాశారు. ఇక నాది దొరికినా రాస్తారు." డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "నాకు కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో తెలీదు. పని మాటలు తప్ప ఇంకేం మాట్లాడను, ఏమీ అనుకోవద్దు."

"అనుకోను," అంది సంయుక్త. పైకెళ్లి తలుపుకు తాళం వేసి వచ్చింది.

మార్కెట్ సందులో వాళ్ళు ముందూ వెనకా నడిచారు. ఆఫీసులో రాజీవ్ తన గది గుమ్మంలోంచి ఇద్దరినీ చూసి, తల కొంచెం వంచి లోపలికి వెళ్లిపోయాడు. వినయ్ ఆరో నోటుపుస్తకం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఆరో నేలమాళిగ ఒక పాడుబడిన టంకశాల, ఒకప్పుడు నాణేలు ముద్రించిన చోటు. బాస్ రూమ్ తలుపు ఎర్ర పెన్సిలుతో గీసి ఉంది.

"సగమే అయింది. ఇది ఎక్కడ దెబ్బతింటుందో చూడండి," అని తన కుర్చీకి వెళ్లిపోయాడు.

ఆమె పటం మీద వేలు పెట్టి నడిచింది. కొలిమి, అచ్చుల గది, కిందికి జారే పలక. మనిషి ఎక్కడ నిలబడతాడు, ఎటు తిరుగుతాడు, తొందరపడితే ఏం చేస్తాడు. గంటసేపు అయ్యాక ఒక చోట వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచింది. అదే చోట ఆగింది. పలక మీంచి జారినవాడు బాస్ కీ ఉన్న గదిని దాటి అవతలికి పడతాడు, మళ్ళీ ఇవతలికి రావడానికి మెట్లు లేవు.

ఆమె పట్టిక తెరిచి లోపం రాసింది. కారణం రాసింది. గీసినవారు అన్న చోట వినయ్ అని రాసి, పంపింది.

గది అవతల అతని తెర మీద చిన్న గంట మోగింది. అతను చదివాడు. ఆమె వైపు తిరగలేదు. లేచి వచ్చి ఆమె ముందున్న పటం తీసుకెళ్ళి, రబ్బరుతో ఆ గీత చెరపడం మొదలుపెట్టాడు.